అడవి హక్కులు – 9: బరాం ఏటి వకీలు

కిందటి భాగాన్ని బొర్రా గుహల దగ్గర ఆపాం. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి మాటకొస్తే ప్రభుత్వం కూడా గిరిజనేతరుడి కిందే లెక్క అని 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమతా కేసులో తేల్చేసింది. అదే 1997లో మలేషియాలోని సరవాక్ రాష్ట్రంలో, తిన్జార్ ఏటి ఒడ్డునున్న లాంగ్ తెరాన్ కనాన్ అనే ఊరి వాళ్లు కోర్టు మెట్లెక్కారు. తమ తాతల నాటి భూముల్ని పామాయిల్ తోటలకు లీజుకిచ్చేశారని వాళ్ల ఫిర్యాదు. వాళ్లకు తీర్పు రావడానికి పదమూడేళ్లు పట్టింది.

ఆ ఊరి సంగతి తర్వాత చూద్దాం. అసలు అలాంటి దావా ఒకటి వేయవచ్చుననే ధైర్యం ఆ లోయ జనానికి ఎక్కడిదో ముందు చెప్పుకోవాలి. దానికి హారిసన్ న్గావ్ లాయింగ్ అనే మనిషి కథ కావాలి. తిన్జార్ వెళ్లి కలిసే పెద్ద నది బరాం. ఆ లోయకు చెందిన కయాన్ తెగ మనిషి ఆయన. కలప లారీలను ఆపిన జనం పక్షాన నిలిచాడు, జైలుకెళ్లాడు, ఎన్నికల్లో గెలిచి పార్లమెంటుకెళ్లాడు, ఆ తర్వాత లా చదివి వకీలయ్యాడు. మామూలుగా మన దగ్గర నాయకుల జీవితం దీనికి తలకిందులుగా నడుస్తుంది. ముందు వకాల్తా, తర్వాత జైలు, చివరికి చట్టసభ. స్వాతంత్ర్యోద్యమ నాయకుల్లో సగం మంది బతుకు అదే వరస. హారిసన్ వరస ఎందుకు తిరగబడిందో అర్థమైతే సరవాక్ అడవి కథ సగం అర్థమైనట్టే.

మలేషియా అంటే మనవాళ్లకు తెలిసింది వేరే మలేషియా. బ్రిటిష్ కాలంలో కోస్తా జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీలు రబ్బరు తోటల్లో, పేరాక్ వైపు బగాన్ దాతో కొబ్బరి తోటల్లో స్థిరపడ్డారు. అదంతా ద్వీపకల్పం. సరవాక్ అక్కడ లేదు, దక్షిణ చైనా సముద్రం దాటి బోర్నియో దీవి మీద ఉంది. విస్తీర్ణంలో తెలంగాణ కంటే కాస్త పెద్దది, జనాభా మాత్రం నేటికీ పాతిక లక్షల దరిదాపుల్లోనే. 1963 సెప్టెంబరు 16న మలేషియాలో చేరేటప్పుడు కొన్ని షరతులు పెట్టి మరీ చేరింది. అందుకే కౌలాలంపూర్ పౌరుడు సరవాక్‌లో దిగాలన్నా అక్కడి ఇమిగ్రేషన్ బల్ల దాటాల్సిందే. తనకు గిట్టనివాళ్లను వెనక్కి పంపే అధికారం ఆ రాష్ట్రానికి ఉంది, ఆ అధికారాన్ని ఉద్యమకారుల మీద మొహమాటం లేకుండా వాడింది కూడా.

ఆ చేరికకు ముందు ఒకప్పుడు వందేళ్లకు పైగా సరవాక్‌ను ఒక ఇంగ్లీషు కుటుంబం సొంత జమీందారీలా ఏలింది. మొదటి తెల్ల రాజా జేమ్స్ బ్రూక్ పుట్టింది మన కాశీలో, 1803లో. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, తండ్రి ఆస్తితో ఓడ కొనుక్కుని బోర్నియో చేరాడు. బ్రూనై సుల్తాను కోసం ఒక తిరుగుబాటు అణచడానికి సాయపడి, 1841లో కూచింగ్‌కు రాజా అయి కూర్చున్నాడు. అతని వారసుడి కాలంలో, 1882లో, బరాం లోయ కూడా బ్రూనై చేతిలోంచి బ్రూక్‌ల చేతిలోకి వచ్చింది. నది మీద మరుడి అనే రేవు పట్టణంలో కోట కట్టారు. 1899లో చార్లెస్ హోస్ అనే అధికారి ఎగువ తెగలన్నిటినీ అక్కడికి పిలిపించి, తలలు నరుక్కోవడం మాని పడవ పందేలు వేసుకోండని రాజీ కుదిర్చాడు. మరుడిలో పడవ పందేలు ఇప్పటికీ జరుగుతాయి. మన కథకు మరుడి కావలసింది పందేల కోసం కాదు. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో ఒక చిన్న ఆఫీసు తెరుచుకుంది, అందుకోసం.

ఆఫీసు కంటే ముందు పొలం చూడాలి.

కయాన్లు పొడుగిళ్లలో ఉంటారు. ఊరంతా ఒకే కప్పు కింద, నది వైపు ముఖం పెట్టిన ఒకే ఇల్లు. ఒక్కో కుటుంబానికి ఒక్కో వాటా, ముందు అందరికీ కలిసి ఒకే వసారా. వ్యవసాయం కొండపోడు. ఒక వాలు ఎంచుకుని చెట్లు కొట్టి, ఎండనిచ్చి, కాలుస్తారు. బూడిద చల్లారాక మగవాళ్లు వరసగా నడుస్తూ మొన తేలిన కర్రలతో నేలలో గుంటలు పొడుస్తారు, ఆడవాళ్లు వెనకే వస్తూ ఒక్కో గుంటలో నాలుగేసి వడ్ల గింజలు వేస్తారు. పంట తీశాక ఆ వాలును వదిలేసి మరో వాలుకు పోతారు. వదిలిన నేలలో తుప్ప పెరుగుతుంది, తుప్ప చెట్టవుతుంది, ఏళ్లు గడిచాక మళ్లీ అక్కడికే వస్తారు. కొండరెడ్లకూ సవరలకూ ఈ పద్ధతి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. పోడు వల్లే అడవి నాశనమవుతోందన్న నిందా వాళ్లకు కొత్త కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం దగ్గర్నుంచి మన ఏజెన్సీ వింటున్న పాటే అది. సరవాక్ మంత్రులు కూడా ఏళ్ల తరబడి దాన్నే పాడారు. బుల్డోజర్లు కొండలకు కొండలు చదును చేస్తున్న రోజుల్లో కూడా తప్పు పోడుగాడిదే.

ఇక్కడ చట్టం మెలిక చూడండి. 1958 జనవరి 1న అమల్లోకి వచ్చిన సరవాక్ ల్యాండ్ కోడ్ ఆదివాసుల సంప్రదాయ భూమి హక్కును ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే ఆ తేదీతో తలుపు మూసింది. ఆ రోజుకు ముందే ఎవరైనా తొలి అడవి నరికి సాగుచేసి ఉంటే, పండ్ల చెట్లు నాటి ఉంటే, శ్మశానంగా వాడుకుని ఉంటే హక్కుంది. తర్వాత నరికింది పర్మిట్ లేకపోతే చెల్లదు. అంటే హక్కు కావాలంటే గొడ్డలి పెట్టి ఉండాలి. అడవిని నరక్కుండా బతికే పెనాన్ తెగ సంగతేమిటి? వాళ్లు ఊదుగొట్టంతో వేటాడి, అడవి సాగో చెట్ల నుంచి పిండి తీసుకుని, గుంపులుగా తిరిగేవాళ్లు. ఏ సాగో పొద ఎవరిదో, ఏ పండ్ల చెట్టు ఏ కుటుంబానిదో వాళ్లలో వాళ్లకు స్పష్టంగా తెలుసు. పాతది కొట్టేసి లేత దాన్ని పెరగనివ్వడం వాళ్ల కట్టుబాటు. చట్టం కంటికి మాత్రం ఆ నేల ఖాళీ. అడవిని కాపాడినవాడికి హక్కు లేదు, నరికినవాడికి ఉంది. మళ్లీ అదే ప్రభుత్వం నరకడం నేరమంటుంది.

కయాన్ల పరిస్థితి కాస్త మెరుగే గానీ వాళ్లకూ ఒక చిక్కుంది. పోడు నేలను సరిగ్గా, ఓపిగ్గా బీడు వదిలినవాడి పొలం ఇరవై ఏళ్లకు అడవిలా కనిపిస్తుంది. ఎంత మంచి రైతైతే సాక్ష్యం అంతగా చెరిగిపోతుంది. దీనికి తోడు ప్రభుత్వం ఆ హక్కును రద్దు చేయదలిస్తే గెజెట్‌లో ప్రకటన వేస్తే చాలు, నష్టపరిహారం అడిగేవాడు 60 రోజుల్లోపు అడగాలి. మరుడి నుంచి పడవ మీద రోజుల ప్రయాణం ఉన్న ఊళ్లకు గెజెట్ ఎలా చేరుతుందో చట్టం చెప్పలేదు. చాలా ఊళ్లకు ఆ కబురు మోసుకొచ్చింది బుల్డోజరే.

బుల్డోజర్లు ఎందుకొచ్చాయంటే, తీరం వైపు అడవులు అయిపోయాయి గనుక. 1970ల చివరి నుంచి కలప కంపెనీలు కొండల్లోకి ఎక్కాయి. సరవాక్ దుంగలకు పెద్ద కొనుగోలుదారు జపాన్. అక్కడ వాటిని ప్లైవుడ్ చేసి, కాంక్రీటు పోసే సెంట్రింగు పలకలుగా వాడి, ఒకటి రెండు సార్లు పోశాక పారేసేవారు. వందల ఏళ్ల చెట్టుకు దక్కిన గతి అది. లైసెన్సులు ఇచ్చే అధికారం రాష్ట్రానిది, రాష్ట్రంలో ముఖ్యమంత్రిది. ఆ లైసెన్సులు ఎవరి చేతుల్లో ఉన్నాయో లోకానికి ఎలా తెలిసిందంటే, పాలక కుటుంబమే కొట్టుకుని బయటపెట్టింది. 1987 ఎన్నికల వేళ ముఖ్యమంత్రి అబ్దుల్ తాయిబ్ మహమూద్‌కూ, ఆయనకంటే ముందు ఆ కుర్చీలో ఉన్న మేనమామ అబ్దుల్ రెహ్మాన్ యాకూబ్‌కూ చెడింది. మామకూ ఆయన మనుషులకూ 12.5 లక్షల హెక్టార్ల లైసెన్సులున్నాయని అల్లుడు పత్రికలకు చెప్పాడు. అల్లుడి వైపు వాళ్లకు 16 లక్షల హెక్టార్లున్నాయని మామ ఎదురు చెప్పాడు. రాష్ట్ర పర్యావరణ, పర్యాటక మంత్రి జేమ్స్ వాంగ్ సరేసరి, ఆయనే లింబాంగ్ ప్రాంతంలో కలప లైసెన్సున్న కంపెనీ యజమాని. ఫిర్యాదు చేయాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో మీరే ఆలోచించండి.

ఇప్పుడు మరుడి ఆఫీసు. పెనాంగ్ కేంద్రంగా పనిచేసే సహాబత్ ఆలం మలేషియా అనే పర్యావరణ సంస్థ 1980ల్లో ఆ పట్టణంలో ఒక శాఖ పెట్టింది. ఆ సంస్థ అధ్యక్షుడు ఎస్.ఎం. మహమ్మద్ ఇద్రీస్, తమిళనాడులో పుట్టి పెనాంగ్‌లో స్థిరపడ్డ వ్యాపారి, ఆ దేశంలో వినియోగదారుల ఉద్యమానికి పెద్ద దిక్కు. మరుడి శాఖను నడిపింది హారిసన్ న్గావ్. ఎగువ ఊళ్ల నుంచి పడవ దిగిన పెద్దమనుషులు ఆ ఆఫీసుకు వచ్చేవాళ్లు. ఏరు బురదగా మారింది, చేప దొరకడం లేదు, తాతల సమాధుల మీదుగా రోడ్డు వేశారు, ఇవీ ఫిర్యాదులు. వాటిని అర్జీలుగా రాయాలి, అటవీ శాఖకూ జిల్లా అధికారికీ ముఖ్యమంత్రికీ పంపాలి, జవాబు రాకపోతే మళ్లీ రాయాలి. ఉద్యమమంటే జెండాలు, నినాదాలు అనుకునేవాళ్లకు ఇది చప్పగా ఉంటుంది. నా లెక్కలో మాత్రం బరాం పోరాటానికి పునాది ఈ గుమాస్తా పనే. అర్జీల కట్ట లేకపోతే తర్వాత జరిగినదంతా అల్లరి మూకల పని అని కొట్టిపారేయడం ప్రభుత్వానికి చాలా సులువయ్యేది.

అర్జీలకు దిక్కులేకపోయేసరికి 1987 మార్చి చివర్లో జనం దారికి అడ్డం పడ్డారు. బరాం, లింబాంగ్ ప్రాంతాల్లో ఇరవైకి పైగా చోట్ల పెనాన్లు, కయాన్లు, కెలాబిట్లు కలప రోడ్లు మూసేశారు. అడ్డుకట్టలో ఆర్భాటం ఏమీ లేదు. రోడ్డుకు అటూ ఇటూ గుంజలు పాతి, మధ్యలో నడుమెత్తున కర్రలు కట్టి, అడవి తీగలతో బిగించారు. పక్కనే తాటాకు లాంటి ఆకు కప్పి పందిళ్లు వేసుకున్నారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఊదుగొట్టాలు పట్టుకున్న మగవాళ్లు అక్కడే వంట, అక్కడే పడక. ఒక లారీ ఆ కర్రల్ని గుద్ది పోవాలంటే నిమిషం పట్టదు. కాని వెనక కూర్చున్న మనుషుల మీదుగా పోవాలి. డ్రైవర్లు ఆగిపోయారు. డ్రైవర్లలోనూ, రంపం పట్టిన కూలీల్లోనూ అదే తెగల వాళ్లు ఎందరో ఉన్నారని కూడా చెప్పుకోవాలి. ఊళ్లో వేట తగ్గాక కూలికి పోయేది కలప క్యాంపుకే. నెలల తరబడి ఆ రోడ్ల మీద దుంగలు కదల్లేదు.

ఆ జూన్‌లో పన్నెండు మంది తెగల ప్రతినిధులను వెంటబెట్టుకుని హారిసన్ కౌలాలంపూర్ వెళ్లాడు. వాళ్లు ఉప ప్రధాని గఫార్ బాబాను కలిశారు, పత్రికల వాళ్లతో మాట్లాడారు. రాజధాని జనం చెవులకు పొడుగు కమ్మలు, తలకు వెదురు టోపీలు పెట్టుకున్న ఆ పెద్దలను వింతగా చూశారు, ఫోటోలు తీసుకున్నారు. మంత్రులు మర్యాదగా విన్నారు. విని, భూమీ అడవీ రాష్ట్రం చేతిలో ఉన్న విషయాలు కదా అన్న చోటే ఆగారు. అది సాకు కాదు, మలేషియా రాజ్యాంగంలో ఉన్న మాటే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మూడేళ్ల తర్వాత హారిసన్‌కు ఇదే అడ్డం తిరుగుతుంది.

అక్టోబరులో దెబ్బ పడింది. ఉమా బావాంగ్ అనే కయాన్ ఊళ్లో అడ్డుకట్ట దగ్గర 42 మందిని అరెస్టు చేశారు. అదే నెల చివర ప్రధాని మహతీర్ ప్రభుత్వం దేశమంతా ‘ఆపరేషన్ లలాంగ్’ నడిపింది. ప్రతిపక్ష నాయకులు లిమ్ కిట్ సియాంగ్, కర్పాల్ సింగ్, సహాబత్ ఆలం న్యాయవాది మీనాక్షి రామన్, మరెందరో ఉపాధ్యాయులు, మత ప్రచారకులు, కార్మిక నాయకులు – నూరుమందికి పైగా ఒక్క ఊపులో లోపలికి పోయారు. మూడు పత్రికల లైసెన్సులు రద్దయ్యాయి. మరుడి నుంచి హారిసన్‌ను పట్టుకెళ్లారు. వాడింది అంతర్గత భద్రతా చట్టం. మన ఎమర్జెన్సీ నాటి మీసా చట్టం ఎరిగిన తరానికి దాని రుచి తెలుసు. అభియోగం, విచారణ ఏవీ లేకుండా పోలీసులు 60 రోజులు ఉంచుకునే వీలుండేది, ఆపైన మంత్రి సంతకం పెడితే రెండేళ్లు. హారిసన్ 60 రోజులు లోపలున్నాడు. ఆ తర్వాత వదిలారు గానీ గృహ నిర్బంధంలో పెట్టారు.

ఆయన లోపలున్న నవంబరులోనే రాష్ట్ర శాసనసభ అటవీ చట్టానికి 90బి అనే కొత్త సెక్షను తగిలించింది. కలప రోడ్డుకు అడ్డం కట్టినా, కట్టిన దాన్ని తీయకుండా అడ్డుకున్నా 6,000 రింగిట్ల జరిమానా, రెండేళ్ల వరకు జైలు. అప్పటిదాకా జనం తమ సొంత భూమి మీద వేసిన రోడ్డును ఆపడం ఏ నేరం కిందికి వస్తుందో తెలియక పోలీసులకే తికమకగా ఉండేది. ఆ తికమక తీరింది. అయినా అడ్డుకట్టలు ఆగలేదు. 1988లోనూ 1989లోనూ మళ్లీ లేచాయి, ఈసారి అరెస్టులు వందల్లో. వాళ్లలో చాలామంది ఎన్నడూ పట్టణం చూడని పెనాన్లు.

బయటి ప్రపంచం ఈలోగా మేల్కొంది. 1988లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం సహాబత్ ఆలం సరవాక్ శాఖకు దక్కింది. 1990లో అమెరికాలో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారాలు మొదలయ్యాయి. తొలి ఏడాది ఆరుగురికి ఇస్తే, ఆసియా నుంచి ఎంపికైంది హారిసన్ న్గావ్ లాయింగ్. కెన్యాలో ఖడ్గమృగాల కోసం ఊరూరా నడిచిన మైకేల్ వెరీఖే, హంగరీలో డాన్యూబ్ ఆనకట్టను ఎదిరించిన యానోష్ వర్గా ఆ వరసలో ఆయన పక్కవాళ్లు.

ఇక్కడొక మాట అనకుండా ఉండలేను. సరవాక్ అడవి అంటే ఇప్పటికీ విదేశీ పుస్తకాల్లో ముందుగా కనిపించే పేరు బ్రూనో మాన్సర్. స్విట్జర్లాండ్ నుంచి వచ్చి 1984 నుంచి ఆరేళ్లు పెనాన్లతో కలిసి బతికి, పోలీసులకు దొరక్కుండా తిరిగి, 2000లో అదే అడవిలో కనబడకుండా పోయిన మనిషి. ఆయన త్యాగాన్ని తక్కువ చేయను. కాని ఆ ప్రచారం రాష్ట్ర ప్రభుత్వానికి భలే అక్కరకొచ్చింది. ఇదంతా తెల్లవాళ్లు వెనకుండి ఆడిస్తున్న నాటకమని, మన గిరిజనులకు ఇలాంటి బుద్ధులు పుట్టవని చెప్పుకునే వీలు దొరికింది. మరుడి ఆఫీసులో అర్జీలు రాసిన కయాన్ యువకుడు ఆ వాదనకు పొసగడు. అందుకే కాబోలు, సర్కారు పెద్దలు మాన్సర్ గురించి మాట్లాడినంతగా హారిసన్ గురించి మాట్లాడలేదు.

పురస్కారం కింద వచ్చిన 60,000 డాలర్లతో హారిసన్ చేసిన పని ఆ అమెరికన్ దాతలు ఊహించి ఉండరు. ఎన్నికల్లో నిలబడ్డాడు. 1990 అక్టోబరులో మలేషియా పార్లమెంటుకు ఎన్నికలు జరిగాయి. బరాం నియోజకవర్గం అంటే పడవలు, పెట్రోలు, మళ్లీ పడవలు. నది ఎగువకు పోయేకొద్దీ రేపిడ్లు, పడవ దిగి మోసుకుపోవాల్సిన చోట్లు. డబ్బు లేనివాడు అక్కడ ప్రచారం చేయలేడు. అధికార కూటమి అభ్యర్థి దగ్గర కలప సొమ్ముకు లోటుండదు. హారిసన్ ఏ పార్టీలోనూ చేరకుండా స్వతంత్రుడిగా దిగి, సిట్టింగ్ సభ్యుణ్ణి ఓడించాడు. మూడేళ్ల కిందట భద్రతకు ముప్పు అని లోపలేసిన మనిషి గౌరవ సభ్యుడై కౌలాలంపూర్ సభలో కూర్చున్నాడు.

కూర్చున్నాక తేలింది, అది సరైన ఇల్లు కాదని. భూమీ అడవీ రాష్ట్ర జాబితాలోవి. కౌలాలంపూర్‌లో ఎంత గొంతు చించుకున్నా సరవాక్ రాజధాని కూచింగ్‌లో ఒక్క లైసెన్సు మీద కూడా గీత పడదు. ప్రశ్నలడగవచ్చు, దేశం దృష్టికి తేవచ్చు, అంతవరకే. అంతర్జాతీయ ఉష్ణమండల కలప సంస్థ పంపిన బృందం 1990లోనే, సరవాక్ ఏటా 92 లక్షల ఘనపు మీటర్లకు మించి కొట్టకూడదని చెప్పింది. అప్పుడు కొడుతున్నది దాదాపు దానికి రెట్టింపు. ఆ బృందానికి నాయకుడు లార్డ్ క్రాన్‌బ్రూక్, ఏ ఉద్యమంతోనూ సంబంధం లేని జీవశాస్త్రవేత్త. ఆయన మాటకే దిక్కులేనప్పుడు ఒంటరి స్వతంత్ర సభ్యుడి మాట ఎవరు వింటారు? 1995 ఎన్నికలతో బరాం సీటు మళ్లీ అధికార కూటమికి పోయింది.

అప్పుడు హారిసన్ లా పుస్తకాలు పట్టాడు. నాయకుడిగా పేరొచ్చాక, పార్లమెంటు చూశాక, మళ్లీ విద్యార్థిగా కూర్చోవడం చిన్న విషయం కాదు. ఆ చదువు ముగించి ఆదివాసుల భూమి కేసులు చేపట్టే వకీలయ్యాడు. రోడ్డును 90బి మూసింది. పార్లమెంటు చేతిలో తాళం లేదు. కోర్టు ఒక్కటే మిగిలింది. అందులోనూ కూచింగ్‌కు లోబడని న్యాయమూర్తి దొరికితే.

దొరికారు. ఇబాన్ తెగకు చెందిన నోర్ న్యావాయ్ తదితరులు పల్ప్ తోటల కంపెనీ మీద వేసిన కేసులో 2001 మేలో కూచింగ్ హైకోర్టు న్యాయమూర్తి ఇయాన్ చిన్, సంప్రదాయ హక్కు నరికిన పొలంతో ఆగదని, ఊరి వాళ్లు వేటకూ వెదురుకూ వాడుకునే ఉమ్మడి అడవికీ వర్తిస్తుందని తీర్పిచ్చాడు. ఆ కేసులో ఊరి వాళ్ల చేతిలోని బలమైన ఆయుధం ఒక పటం. పాత పొడుగిల్లు ఉన్న చోటు, సమాధులు, తాతలు నాటిన డురియాన్ చెట్లు, వాగుల పేర్లు, అన్నీ తిరిగి చూసి ఊరి మనుషులతో కలిసి గీసింది. ఇలాంటి కేసుల్లో ప్రభుత్వం వైపు నుంచి వచ్చేది పాత విమాన ఫోటోలు. ఆకాశం నుంచి చూస్తే బీడు వదిలిన పోడు అడవే. కింద నిలబడితే అక్కడొక పండ్ల చెట్టు, దాని పక్కన నాలుగు కుళ్లిన ఇనుపచెక్క స్తంభాలు.

ప్రభుత్వానికి కాలింది కూడా పటం దగ్గరే. అదే 2001లో సర్వేయర్ల మీద కొత్త చట్టం తెచ్చి, లైసెన్సు లేనివాడు భూమి పటం గీయడాన్ని నేరం చేసింది. రోడ్డు మీద నిలబడితే 90బి తెచ్చినట్టే, పటం గీస్తే ఇంకోటి. పై కోర్టు 2005లో సాక్ష్యాలు చాలవని నోర్ న్యావాయ్ వాళ్లను ఓడించింది గానీ సూత్రాన్ని కొట్టేయలేదు. ఆ సూత్రం పట్టుకుని సరవాక్ కోర్టుల్లో వందకు పైగా కేసులు పేరుకున్నాయి.

సాక్షి బతికుండటం కూడా సమస్యే. లాంగ్ కెరోంగ్ అనే పెనాన్ ఊరి పెద్ద కెలెసావ్ నాన్, 1998లో తన వాళ్ల అడవి కోసం వేసిన దావాలో ఫిర్యాదీ. 2007 అక్టోబరులో ఉచ్చులు చూసుకురావడానికి అడవిలోకి వెళ్లి తిరిగి రాలేదు. తర్వాత ఏటి ఒడ్డున ఎముకలు దొరికాయి. ఆయన్ను చంపేశారని కుటుంబం అంటుంది. 1958కి ముందు సంగతులు కళ్లారా చూసిన మనుషులు ఏటేటా తగ్గిపోతుంటే కేసులు మాత్రం పదేళ్లు, పదిహేనేళ్లు సాగుతుంటాయి. వాయిదా వేయడమే ప్రభుత్వానికి మంచి వాదన.

లాంగ్ తెరాన్ కనాన్ విషయం చెప్తానన్నాను. 2010 మార్చిలో మిరి హైకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది, ఆ లీజులు చెల్లవంది. ఊళ్లో గెలుపు పండగయ్యింది. అప్పటికి ఆ నేల మీద పామాయిల్ చెట్లు కాపుకొచ్చి ఉన్నాయి, కంపెనీ అప్పీలుకు పోయింది, ఊరికీ కంపెనీకీ రగడ తర్వాత కూడా ఏళ్లపాటు నడిచింది. బొర్రా దగ్గర మన తీర్పు గనులు తవ్వకముందు చాలావరకు ఆపింది. బరాం లోయలో తీర్పులు నరికాక వచ్చాయి. రెండు దేశాల న్యాయమూర్తుల మధ్య తేడా కంటే, మనకు రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు, గిరిజన భూమి గిరిజనేతరులకు పోకుండా ఆపే 1/70 చట్టం ముందే ఉండటం వల్ల వచ్చిన తేడా ఇది. సరవాక్‌లో అలాంటి కంచె లేదు, ఒక్కో ఊరూ ఒక్కో కేసు గెలవాల్సిందే.

బరాం జనం పాత విద్య మరిచిపోలేదు. లోయలో 1,200 మెగావాట్ల ఆనకట్ట కట్టి 26 ఊళ్లను, 20,000 మందిని లేపేయాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, 2013 అక్టోబరులో మళ్లీ రోడ్డుకు అడ్డంగా కర్రలు లేచాయి. అంతకుముందు బకూన్ ఆనకట్ట కింద దాదాపు 10,000 మంది కదిలి సుంగాయ్ అసాప్ కాలనీల్లో ఎలా బతుకుతున్నారో వాళ్లు వెళ్లి చూసొచ్చారు. రెండేళ్లకు పైగా వంతుల వారీగా కాపలా కాశారు. కొత్త ముఖ్యమంత్రి అదెనాన్ సతేం పథకాన్ని పక్కన పెట్టాడు, 2016లో భూసేకరణ గెజెట్‌నే వెనక్కి తీసుకున్నారు. సరవాక్ చరిత్రలో ఒక గెజెట్ వెనక్కి నడవడం అరుదు.

అదే 2016 డిసెంబరు 20న మలేషియా ఫెడరల్ కోర్టు, టి.ఆర్. సండా కేసులో, ఉమ్మడి అడవి మీద ఆచారానికి చట్టబలం లేదంది. నోర్ న్యావాయ్ సూత్రం కూలింది. జనం కూచింగ్ వీధుల్లోకొచ్చారు. 2018 జూలైలో రాష్ట్రం ల్యాండ్ కోడ్‌ను సవరించి ఉమ్మడి అడవిని ఒప్పుకుంది, ఒక ఊరికి మామూలుగా 500 హెక్టార్లు మించకూడదన్న హద్దుతో. ప్రత్యేకంగా అనుమతిస్తే 1,000 దాకా. 1987లో మామా అల్లుళ్లు ఒకరి మీద ఒకరు చదివిన జాబితాల్లో లెక్క లక్షల్లో ఉంది.

(వచ్చే భాగంలో: 1992లో జైలు నుంచి ఐక్యరాజ్యసమితి వేదిక దాకా వెళ్లిన కెలాబిట్ తెగ మనిషి ఆండర్సన్ ముతాంగ్ ఉరుద్)